దానపు గుర్రానికి పళ్ళెందుకు చూడొద్దన్నారు?

బడిలో ఇంగ్లీషు గైడు చివర జాతీయాల పట్టికలో తరచూ కనిపించే సామెత ఒకటుంది: ‘డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ద మౌత్’. పక్కనే తెలుగులో ‘బహుమతిగా వచ్చిన గుర్రం నోట్లోకి చూడకు’ అని ఉంటే చదివే పిల్లవాడికి తోచేది ఒక్కటే: కరుస్తుందేమో! ‘ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టకూడదు’ అన్న అర్థం ఆ కింద ఉంటుంది. పరీక్షకు అది చాలు. వంకలకూ గుర్రం నోటికీ ఏం చుట్టరికమో మాత్రం గైడు చెప్పదు.

ఎడ్ల సంతకు వెళ్ళొచ్చిన రైతుకు ఇదే మాట చెబితే వివరణ అక్కర్లేదు. కోడెను కొనబోయేవాడు ముందు దాని చుట్టూ తిరుగుతాడు. మూపురం మీద చెయ్యి వేస్తాడు, గిట్టలు చూస్తాడు, సుడులు లెక్కపెడతాడు, నాలుగడుగులు నడిపించమంటాడు. అమ్మేవాడు ‘రెండు పళ్ళదే, నిన్నగాక మొన్న వేసింది’ అంటూనే ఉంటాడు. కొనేవాడు ఆ మాట విననట్టే ఉండి, ఒక చేత్తో ముక్కుతాడు బిగించి పట్టి, రెండో చేతి బొటనవేలు పెదవి మూలన దూర్చి కింది పెదవిని లాగుతాడు. అంతా ఒక్క క్షణం పని. ఆ తర్వాతే దళారీ తువ్వాలు కిందికి చేతులు పోతాయి, వేళ్ళు పట్టుకుని బేరం మొదలవుతుంది.

పశువుకు పై దవడన ముందుపళ్ళు ఉండవు, కింద ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు జత జతగా ఊడి గట్టి పళ్ళు జత జతగా వస్తాయి. సుమారు రెండు, రెండున్నరేళ్ళకు మొదటి జత, అక్కడి నుంచి ఇంచుమించు ఏడాదికో జత. ఎనిమిదీ వచ్చేసరికి దానికి నాలుగైదేళ్ళు నిండుతాయి. పల్నాడులోనో ప్రకాశం జిల్లాలోనో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ జరిగితే కరపత్రం మీద విభాగాలు ఎలా ఉంటాయో చూడండి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్. పుట్టినతేదీ కాగితం లేని ప్రాణికి నోరే కాగితం. ఇంగ్లీషు సామెతలో గుర్రం నోరూ అదే.

అయితే గుర్రం నోరు ఎద్దు నోటికంటే చాలా ఎక్కువ చెబుతుంది, చాలా ఏళ్ళ పాటు చెబుతుంది. సామెత అంతా దీని మీదే నిలబడి ఉంది కాబట్టి కాస్త దగ్గరగా చూడాలి.

గుర్రానికి ముందుపళ్ళు పన్నెండు, పైన ఆరు, కింద ఆరు. పాలపళ్ళు చిన్నవి, తెల్లనివి. రెండున్నరేళ్ళ వయసులో నడిమి జత ఊడి గట్టి జత వస్తుంది. మూడున్నరేళ్ళకు దాని పక్క జత, నాలుగున్నరేళ్ళకు మూల జత. అయిదేళ్ళు నిండేసరికి అన్నీ పైకి వచ్చి, పైవీ కిందివీ ఒకదానితో ఒకటి ఆనతాయి. గుర్రాల వాళ్ళ భాషలో అప్పుడది ‘నిండు నోటి’ గుర్రం. ఎద్దు నోరు చెప్పే కథ దాదాపు ఇక్కడితో ఆగిపోతుంది. గుర్రానికి ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

కొత్తగా వచ్చిన గుర్రప్పన్ను కొరికే చదునులో నడిమధ్య చిన్న గుంట ఉంటుంది. అందులో మేత మడ్డి చేరి నల్లగా, గింజ అతికించినట్టు కనిపిస్తుంది. గడ్డిలో ఇసుకలాంటి గరుకు పదార్థం ఉంటుంది. రోజంతా మేసే జంతువుకు అది ఆకురాయి పెట్టి రాసినట్టే. పన్ను అరుగుతుంటే గుంట లోతు తగ్గుతుంది. కింది దవడలో నడిమి జత గుంటలు సుమారు ఆరేళ్ళకు, పక్క జతవి ఏడేళ్ళకు, మూల జతవి ఎనిమిదేళ్ళకు చెరిగిపోతాయి. అంటే నోరు తెరిచి కింది వరసలో ఎన్ని నల్లచుక్కలు మిగిలాయో లెక్కపెడితే అయిదు, ఆరు, ఏడు, ఎనిమిదేళ్ళ తేడా చెప్పేయొచ్చు. గుర్రం బాగా పనికొచ్చే వయసు అదే. బండికి కట్టినా, స్వారీకి వాడినా, యుద్ధానికి పంపినా ధర పలికేది ఆ ఏళ్ళలోనే.

ఎనిమిది దాటాక నోరు మూగబోదు గానీ కొంచెం నసుగుతుంది. పన్ను కొస ఆకారం మారుతూ వస్తుంది: ముందు కోలగా, తర్వాత గుండ్రంగా, ఆ తర్వాత మూడు మూలలుగా. పక్కనుంచి చూస్తే పడుచు గుర్రం పళ్ళు దాదాపు నిటారుగా కలుసుకుంటాయి, ముసలిదాని పళ్ళు ముందుకు వాలతాయి. పై వరస మూల పన్ను మీద పదేళ్ళ వయసులో చిగురు దగ్గర గోధుమరంగు గీత ఒకటి తొంగిచూస్తుంది. పదిహేనేళ్ళకు సగం పన్ను దాకా, ఇరవయ్యేళ్ళకు కొస దాకా దిగుతుంది, ఆ తర్వాత పైనుంచి చెరిగిపోవడం మొదలవుతుంది. 19వ శతాబ్దంలో గుర్రాలను మచ్చిక చేయడంలో పేరు మోసిన సిడ్నీ గాల్వేన్ పేరుతో దీన్ని ‘గాల్వేన్ గీత’ అంటారు. మేతను బట్టి, జాతిని బట్టి ఇవన్నీ ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ అవుతాయి. నేటి పశువైద్యులు దీన్ని అంచనాగానే తీసుకుంటారు. సంతలో నిలబడ్డవాడికి మాత్రం ఆ అంచనాయే వేలమీద బేరం.

ఇంత విలువైన సాక్ష్యం ఉన్నచోట దాన్ని మార్చేవాడు లేకపోతాడా? ఇంగ్లండు గుర్రాల దళారులు పన్నెండేళ్ళ గుర్రం నోరు పట్టి, ఉలిలాంటి పనిముట్టుతో అరిగిపోయిన పళ్ళలో కొత్త గుంటలు తొలిచి, కాల్చిన ఇనుముతో వాటిని నల్లబరిచేవాళ్ళు. ఈ మోసానికి ‘బిషపింగ్’ అనే పేరే పడింది. తెలిసినవాడు మాత్రం పట్టేస్తాడు. నిజమైన గుంట చుట్టూ పింగాణీ అంచు ఉంటుంది, తొలిచిన దాని చుట్టూ ఉండదు. రాజకీయాల్లో ఎమ్మెల్యేల కొనుగోలుకు ‘హార్స్ ట్రేడింగ్’ అనే పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడానికి ఇక కష్టపడనక్కర్లేదు. మన పత్రికలు ‘బేరసారాలు’ అని సరిపెట్టుకుంటాయి గానీ, గుర్రాల దళారీకి ఇంగ్లీషువాళ్ళలో ఉన్న అపకీర్తి ఆ తెలుగు మాటలో దిగదు.

ఇప్పుడు సామెత దగ్గరికి. పళ్ళు చూడటమంటే వయసు చూడటం. వయసు చూడటమంటే ధర కట్టడం. ఒకాయన గుర్రాన్ని తోలుకొచ్చి ‘నీకే, ఉంచుకో’ అన్నప్పుడు ఆయన ఎదురుగా దాని పెదవి పట్టి లాగితే ‘ఎంత చేస్తుందో చూద్దాం’ అని మొహం మీద అన్నట్టే. కొనేవాడు చేసే పనిని పుచ్చుకునేవాడు చేశాడు, మర్యాద తప్పింది అక్కడే. సామెత వద్దంటున్నది ఆ బేరపు చూపును. గైడు రాసే ‘వంకలు పెట్టకూడదు’ దీనికి దూరపు చుట్టమే తప్ప సొంత బిడ్డ కాదు.

ఈ తేడా ఏదో ఇప్పటి వ్యాఖ్యాతలు లాగి సాగదీసింది అనుకోనక్కర్లేదు. రోమన్ చట్టంలోనే ఉంది. రోమ్ నగరంలో సంతల మీద పెత్తనం ఈడైల్స్ అనే అధికారులది. బానిసలనూ పశువులనూ అమ్మేవాడు వాటి రోగాలూ లోపాలూ ముందే బయటపెట్టాలని వాళ్ళు ఒక ఉత్తర్వు ఇచ్చారు. దాచి అమ్మితే కొన్నవాడు ప్రాణిని తిప్పి ఇచ్చేసి సొమ్ము రాబట్టుకోవచ్చు. మరి దానంగా వచ్చిన గుర్రం కుంటిదని తేలితే? 3వ శతాబ్దపు న్యాయవేత్త మొడెస్టీనస్ దీనికి సూటిగా జవాబు చెప్పాడు: దానంగా ఇచ్చిన వాటికి ఆ ఉత్తర్వు వర్తించదు. ధరే పుచ్చుకోనప్పుడు ఇచ్చినవాడు తిరిగి ఇచ్చేదేముంది? 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన న్యాయసంకలనం డైజెస్ట్‌లో ఆ వాక్యం భద్రంగా ఉంది. సామెత సంతలో చెప్పినదాన్ని న్యాయవేత్త కోర్టు భాషలో చెప్పాడంతే.

సామెత రాతలో దొరికేది మొడెస్టీనస్‌కు మరో వందేళ్ళ పైచిలుకు తర్వాత, 4వ శతాబ్దం చివర్లో. రాసినది జెరోమ్. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన మహాపండితుడు, బెత్లెహేములో ఉండేవాడు, కోపిష్టి. బైబిల్లోని ‘ఎఫెసీయులకు రాసిన పత్రిక’ అనే ఉత్తరానికి ఆయన చేసిన వ్యాఖ్యానానికి ముందుమాటలో తన రాతలకు వంకలు పెట్టేవాళ్ళ మీద విసుక్కుంటూ అంటాడు: ‘నోలి ఈక్వి దెంతెస్ ఇన్‌స్పికెరె దొనాతి’. దానమిచ్చిన గుర్రం పళ్ళు పరీక్షించకు అని. మధ్యలో ‘జనం చెప్పుకునే సామెత ఉందిగా’ అని కూడా చేర్చాడు. అంటే అప్పటికే అది ఊరందరి నోట్లో నానుతున్న మాట. పుట్టుక ఇంకా వెనక ఎక్కడో ఉంది. తమాషా ఏమిటంటే, దొరికిన ఈ మొదటి ప్రయోగంలోనే గుర్రం లేదు. ఆయన ఊరికే పంచిపెడుతున్నది తన పుస్తకాన్ని. ఇచ్చేవాడే ‘నా గుర్రం పళ్ళు చూడకండి’ అనడం కొంచెం గడుసుతనమే. అమ్మడం లేదు కదా, నాణ్యత అడక్కండి అని రచయిత ముందే చెప్పుకోవడం ఈనాడూ వింత కాదు.

లాటిన్ సామెతలు యూరప్‌లో బడి పిల్లల చేత వల్లె వేయించేవి. 16వ శతాబ్దం మొదట్లో జాన్ స్టాన్‌బ్రిడ్జ్ రాసిన లాటిన్ బడిపుస్తకంలో దీనికి ఇంగ్లీషు రూపం కనిపిస్తుంది. అందులో ఇంకా ‘పళ్ళు’ అనే ఉంది, ‘నోరు’ అని లేదు. అదే కాలంలో డచ్చి పండితుడు ఎరాస్మస్ తన సామెతల మహాసంకలనంలో లాటిన్ మాటను చేర్చుకున్నాడు. 1546లో జాన్ హేవుడ్ ఇంగ్లీషు సామెతలను పద్యంగా గుచ్చినప్పుడు పళ్ళు నోరయ్యాయి. కారణం ఆ పద్యంలోనే కనిపిస్తుంది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఎటైనా ఊరికే ఇచ్చిన చోట, ఇచ్చిన గుర్రం నోట్లోకి ఎవరూ చూడకూడదు అన్నాడాయన. ఇంగ్లీషులో దక్షిణం ‘సౌత్’, నోరు ‘మౌత్’. అంత్యప్రాస కుదిరింది. పళ్ళనే మాటతో ఆ ప్రాస పడదు. మార్పుకు ప్రాస ఒక్కటే కారణమని గట్టిగా అనలేం గానీ, జనం నాలుక మీద నిలబడేందుకు అది సాయపడి ఉంటుందనడంలో తప్పులేదు. మన సామెతలు యతిప్రాసల మీద ఎలా బతుకుతున్నాయో తెలిసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

హేవుడ్ కాలంలో అది ‘ఇచ్చిన గుర్రం’. 1663లో శామ్యూల్ బట్లర్ తన వ్యంగ్య కావ్యం హ్యూడిబ్రాస్‌లో ‘గిఫ్ట్ హార్స్’ అనే సమాసంగా వాడాడు. అదే స్థిరపడింది. ఈ రోజు ఇంగ్లీషులో ఆ సమాసం ఈ సామెత బయట దాదాపు బతికి లేదు. గుర్రం నోరు ఎప్పుడూ తెరిచి చూడనివాళ్ళు కూడా దాన్ని అలవాటుగా అనేస్తుంటారు. మనం తిరగలి చూడకుండానే తిరగలి సామెతలు చెప్పినట్టు.

ఇక్కడో పొరపాటు సరిచేయాలి. ‘కానుక’, ‘గుర్రం’ అనే మాటలు పక్కపక్కన కనపడగానే చాలామంది ట్రాయ్ కొయ్యగుర్రానికి వెళ్ళిపోతారు. సామెత అక్కడే పుట్టిందని రాసేవాళ్ళూ ఉన్నారు. కథ సరిగ్గా దీనికి ఎదురు తిరుగుతుంది. ట్రాయ్ నగరాన్ని పదేళ్ళు ముట్టడించాక గ్రీకులు పెద్ద కొయ్యగుర్రంలో సైనికులను దాచి, దాన్ని వదిలేసి వెళ్ళినట్టు నటిస్తారు. రోమన్ కవి వర్జిల్ కావ్యం ఈనియిడ్ రెండో సర్గలో పూజారి లావోకూన్ పరుగెత్తుకొచ్చి ‘గ్రీకులంటే నాకు భయం, కానుకలు తెచ్చినా సరే’ అని అరిచి, గుర్రం డొక్కలోకి ఈటె విసురుతాడు. లోపల బోలుగా మోగుతుంది. అంతలో సముద్రంలోంచి పాములు వచ్చి ఆయన్నీ కొడుకుల్నీ చుట్టేసి చంపేస్తాయి. గుర్రాన్ని అవమానించినందుకు దేవత శిక్షించిందని ట్రాయ్ జనం అనుకుని, దాన్ని కోటలోకి లాక్కుపోతారు. ఆ కానుక లోపలికి తొంగిచూడకపోవడమే ఊరి కొంప ముంచింది. ఆ గుర్రానికి పళ్ళు చూడాల్సిన అవసరమూ లేదు, కొయ్యగుర్రానికి వయసేముంది! అవసరమైనది పొట్ట చూడటం. రెండు గుర్రాలూ వేర్వేరు దొడ్లవి.

పళ్ళ నుంచే పుట్టిన ఇంకో ఇంగ్లీషు పలుకుబడి ‘లాంగ్ ఇన్ ద టూత్’. అంటే వయసు మళ్ళినవాడు, లేదా మళ్ళినది. గుర్రప్పన్ను ఎక్కువ భాగం దవడలో దాగి ఉంటుంది. పైన అరిగిన కొద్దీ లోపలినుంచి ఏటా కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది. దానికి తోడు చిగురు వెనక్కి తగ్గి, పన్ను ముందుకు వాలి, ముసలి గుర్రం పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. 1852లో థాకరే నవల హెన్రీ ఎస్మండ్‌లో ఒక స్త్రీని వర్ణిస్తూ సన్నగా, పసుపుపచ్చగా, పళ్ళు పొడుగై ఉందని రాశాడు. గుర్రాన్ని కొనేవాడి చూపుతో మనిషిని చూడటం అది. ఇవాళ ముసలి కంప్యూటర్‌ను కూడా అలాగే అనేస్తారు.

‘స్ట్రెయిట్ ఫ్రమ్ ద హార్సెస్ మౌత్’ మాత్రం వేరు. అసలు మనిషి నోటినుంచే విన్న నికరమైన కబురు అని దాని అర్థం. దాన్నీ పళ్ళకే ముడిపెట్టి, గుర్రం నోరు అబద్ధం చెప్పదు కాబట్టి అలా అన్నారని చెబుతుంటారు. వినడానికి బాగుంది. రాతలో ఆ మాట దొరికే చోటు మాత్రం సంత కాదు, పందేల మైదానం. 20వ శతాబ్దం తొలి దశకాల్లో రేసుల కబుర్లలో కనిపిస్తుంది. ఏ గుర్రం గెలుస్తుందో శిక్షకుడికి తెలుసు, అంతకంటే దగ్గరగా జాకీకి తెలుసు, వాళ్ళందరికంటే దగ్గర ఎవరు? గుర్రమే. ‘గుర్రమే చెప్పిందిరా’ అని కొట్టే గొప్ప అది. మలక్‌పేట రేస్‌కోర్సు బయట టిప్పులు పంచేవాళ్ళ కబుర్లు విన్నవాళ్ళకు ఆ అతిశయం ఏ మార్కుదో ఇట్టే తెలుస్తుంది.

దానపు గుర్రం దగ్గరికి తిరిగి వద్దాం. ఈ సామెత ఒక్క ఇంగ్లీషు సొత్తు కాదు. ఫ్రెంచి, స్పానిష్, జర్మన్, రష్యన్ అన్నిటిలోనూ ఉంది. జర్మన్‌లో గుర్రానికీ నోటికీ ‘గౌల్’, ‘మౌల్’ అని చక్కగా ప్రాస కుదిరింది. ఇరాన్‌లో ‘కానుకగా తెచ్చిన గుర్రం పళ్ళు లెక్కపెట్టరు’ అంటారు. అక్కడినుంచి సింధు నది దాటగానే జంతువు మారిపోతుంది. హిందీలో ‘దాన్ కీ బఛియా కే దాంత్ నహీఁ దేఖే జాతే’ అంటారు, అది పెయ్యదూడ. తమిళంలో దానమిచ్చిన ‘మాడు’ను పల్లు పట్టి చూడొద్దంటారు, అక్కడ మాడంటే పశువు. మనకు ‘దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచినట్టు’. ఊరిని బట్టి ‘పళ్ళు పట్టి చూసినట్టు’ అనేవాళ్ళూ ఉన్నారు. పళ్ళు అవే, పట్టి చూసే చెయ్యీ అదే. గుర్రం ఉన్నచోట ఆవు నిలబడింది.

గుర్రం పళ్ళ విద్య మనవాళ్ళకు తెలియక ఇలా జరగలేదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గుర్రాల లక్షణాలకు ఒక అధ్యాయం కేటాయించి, పళ్ళను బట్టి వయసు చెప్పే పద్ధతిని ఒకే శ్లోకంలో కుక్కాడు. తెల్లని ఆరు పళ్ళుంటే అది పిల్ల, అవే గోధుమ వన్నెకు తిరిగితే రెండేళ్ళది. నడిమి, పక్క, మూల పళ్ళు ఊడి మొలిచే వరసను బట్టి మూడు, నాలుగు, అయిదేళ్ళు. ఆ పైన మూడేసి ఏళ్ళ చొప్పున నల్లచుక్క, పసుపు, తెలుపు, గాజు వన్నె, తేనె వన్నె, శంఖపు వన్నె, గుంట, కదలడం, చివరికి రాలిపోవడం. మొదటి మెట్టులోని నల్లచుక్క, ఇంగ్లండు దళారి దొంగతనంగా తొలిచిన ఆ గుంటే. తెలుగులోనూ అశ్వశాస్త్రం ఉంది, మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం. శాస్త్రానికి లోటు లేదు. లోటు గుర్రాలకే. గుర్రం మన దగ్గర కోటలో బతికింది, ఊళ్ళో కాదు. మామూలు కాపు మరో మామూలు కాపుకు గుర్రాన్ని దానమివ్వడం కలలో మాట. అందుకే గుర్రం పళ్ళు శ్లోకంలోకి ఎక్కాయి, ఆవు పళ్ళు సామెతలోకి వచ్చాయి.

దక్కనులో మేలుజాతి గుర్రం ఎంత అపురూపమో తెలియాలంటే విజయనగరం వైపు చూడాలి. అరబ్బు గుర్రాలు హోర్ముజ్ నుంచీ ఏడెన్ నుంచీ ఓడల మీద రావాలి. దారిలో చాలా చచ్చిపోయేవి. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 1535 ప్రాంతంలో రాసిన వృత్తాంతంలో సాళువ నరసింహరాయల గురించి ఒక ముచ్చట ఉంది. ఆయన గుర్రాలను బతికున్నా చచ్చినా ఒకే ధరకు కొనేవాడట, వెయ్యి పర్దావులకు (అప్పటి బంగారు నాణేలు) మూడు చొప్పున. సముద్రంలో చచ్చినదానికి తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట. పళ్ళు చూసి కొనడం లోకరీతి. నోరు, కాళ్ళు, ఒళ్ళు ఏవీ లేకుండా ఉత్త తోక చూసి కొన్న రాజు బహుశా ఈయనొక్కడే. పైకి పిచ్చిగా కనిపించే ఈ బేరంలో లెక్క ఉంది. ఓడలో నష్టం రాజు భరిస్తే వర్తకుడు ధైర్యంగా మళ్ళీ వస్తాడు, శత్రువు రేవుకు పోడు. ఆ తర్వాతి తరంలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన రాజనీతీ ఇదే: ఏనుగులనూ గుర్రాలనూ తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్ళూ మేడలూ ఇచ్చి, కొలువులో మన్నించి, మంచి ధర కట్టి నీవాళ్ళను చేసుకో, ఆ సరుకు పగవాడికి చేరనీయకు. అలాంటి గుర్రం ఎవరికైనా ఊరికే వచ్చిందంటే అది రాజు మెచ్చి ఇచ్చిందే. రాజు ఇచ్చినదాని నోరు తెరిచి చూసే సాహసం ఎవడు చేస్తాడు? సామెత చెప్పాల్సిన పనే లేదు.

ఈ రోజుల్లో ఈ మాటను వాడే తీరులో పెద్ద చిక్కు ఒకటి ఉంది. ‘ఊరికే వచ్చింది, నోరు మూసుకుని తీసుకో’ అనడానికి దీన్ని అడ్డుపెట్టుకుంటున్నారు. ఉచిత యాప్ మన ఫోన్లోని నంబర్లన్నీ ఎందుకు అడుగుతోందని ప్రశ్నించినా, ఎన్నికల ముందు పంచిన మిక్సీ వారానికే కాలిపోయిందేమని అన్నా ‘దానపు గుర్రానికి పళ్ళు చూస్తావా’ అనేస్తారు. మొడెస్టీనస్ లెక్కలో ఇవి దానాలే కావు. ఒకచోట ధర వివరాల రూపంలో చెల్లిస్తున్నాం, రెండోచోట ఓటు రూపంలో అడుగుతున్నారు. ధర ఉన్నచోట బేరం ఉంది, బేరం ఉన్నచోట పెదవి పట్టి లాగే హక్కు కొనేవాడిది. ‘ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతాడు’ అని మనవాళ్ళు వెక్కిరించేది ఆ హక్కును వదులుకున్నవాడినే.

నిజంగా దానమే అయినా సరే, పుచ్చుకున్నాక మేపాలి కదా. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఇచ్చినవాడు వీధి మలుపు తిరిగాక, కొట్టంలో కట్టేశాక, నోరు తెరిచి చూసుకోవడంలో తప్పేమీ లేదు. చూడాలి కూడా. ముసలిదైతే మెత్తని మేత వెయ్యాలి, బరువు తగ్గించాలి. లాటిన్ మాటలో గానీ ఇంగ్లీషు మాటలో గానీ ‘ఎప్పటికీ చూడకు’ అన్న షరతు లేదు. మర్యాద ఆ ఎదురెదురు ఘడియకే.

ఇంతవరకూ చెప్పుకున్న సామెతలన్నీ పుచ్చుకునేవాడికి బుద్ధి చెప్పేవే. ఇచ్చేవాడి సంగతి ఏమిటి? పళ్ళు చూడరన్న ధీమా ఉన్నచోట వట్టిపోయిన ఆవునే తోలే మనిషికి కొరతేముంది. నది ఘాటు మీద ఒకే ఆవు తోకను ఉదయం నుంచి సాయంత్రం దాకా పదిమందికి పట్టించడం, ఆవుకు బదులు కొబ్బరికాయ చేతిలో పెట్టి గోదానం అయిందనిపించడం కళ్ళారా చూసేవే. ఆ లెక్క తీసిన పాత కథ ఒకటి మన దగ్గర ఉంది, కఠోపనిషత్తు మొదట్లోనే.

వాజశ్రవసుడు యజ్ఞం చేసి ఆవులను దక్షిణగా ఇస్తున్నాడు. అవి కదిలిపోతుంటే కొడుకు నచికేతుడు చూశాడు. పిల్లవాడు. ఏ ఆవు నోరూ తెరవలేదు, తెరవనక్కర్లేదు కూడా. ‘పీతోదకా జగ్ధతృణా దుగ్ధదోహా నిరింద్రియాః’ అనుకున్నాడు. తాగాల్సిన నీళ్ళు తాగేసినవి, మెయ్యాల్సిన గడ్డి మేసేసినవి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేసినవి, ఇక ఈనే సత్తువ లేనివి. ఇలాంటివి ఇచ్చినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడు అనీ అనుకున్నాడు. పుచ్చుకునే బ్రాహ్మణులు ఎవరూ నోరెత్తలేదు, మర్యాద పాటించారు. పళ్ళెంచినవాడు ఇచ్చేవాడి ఇంట్లోనే పుట్టాడు. తండ్రిని నేరుగా తప్పుపట్టలేక ‘నాన్నా, నన్నెవరికి ఇస్తావు’ అని అడిగాడు. తండ్రి పలకలేదు. రెండోసారి అడిగాడు, మూడోసారీ అడిగాడు. వాజశ్రవసుడికి కోపం వచ్చింది.

‘నిన్ను మృత్యువుకిస్తున్నాను పో’ అన్నాడు.